కొమ్ములు చూసి వేటాడితే పంట దక్కదు

ఎడిటర్ గారికి,

నమస్కారం. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ముంగారి విత్తనం పడిందంటే జింకల మాట మొదలవుతుంది. ఆలూరు, ఆస్పరి, పత్తికొండ, ఆదోని చుట్టుపక్కల రైతుల కష్టం నిజమైనది. నాలుగాకులు వేసిన బుడ్డల (వేరుశనగ) చేను రాత్రికి రాత్రి మోడైతే మళ్లీ విత్తనం కొనడం ఎంత భారమో ఇక్కడ అందరికీ తెలుసు. ఆ బాధలోంచే ఒక సలహా పుట్టింది: "అమెరికాలో మాదిరి కొమ్ములు పెరిగిన పోతులను మాత్రమే కొట్టడానికి లైసెన్సులు ఇవ్వండి. ఆడవాటిని, పిల్లలను ముట్టుకోం. జింకలూ తగ్గుతాయి, జాతీ మిగులుతుంది." వినడానికి న్యాయంగానే ఉంది. కానీ అక్కడ ఆ నిబంధనను జంతువుల సంఖ్య తగ్గించడానికి పెట్టలేదు. దేనికి పెట్టారో, దానివల్ల ఏం జరిగిందో తెలుసుకోకుండా ఇక్కడ అడగడం వల్ల రైతుకు ఒరిగేదేమీ లేదు.

ముందు చట్టం సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్ వేటను నిషేధించింది. మన చేలో పడేది రాష్ట్ర జంతువైన కృష్ణ జింక. అది మొదటి షెడ్యూల్‌లో, అంటే చట్టం ఎక్కువ రక్షణ ఇచ్చే జంతువుల జాబితాలో ఉంది. 11వ సెక్షన్ ప్రకారం ఆ షెడ్యూల్ జంతువును వేటాడటానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఇవ్వాలంటే అది మనిషి ప్రాణానికి ముప్పుగా మారి ఉండాలి, లేదంటే కోలుకోలేనంతగా దెబ్బతినో జబ్బుపడో ఉండాలి. అప్పుడు కూడా పట్టుకోవడానికీ మత్తు ఇవ్వడానికీ మరోచోటికి తరలించడానికీ వీలు కాదని తేలితేనే చంపమని ఆదేశించాలి. పంట నష్టం అన్న కారణం రెండో షెడ్యూల్ జంతువులకే వర్తిస్తుంది. అడవి పంది విషయంలో కొన్ని రాష్ట్రాలు అనుమతులు ఇవ్వగలిగింది అందుకే. జింకకు ఆ దారి లేదు. చంపితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. మరో సంగతి చాలామందికి తెలియదు: అడవిలో రాలి పడిన దుప్పి కొమ్మును ఏరుకొచ్చి ఇంట్లో దాచుకున్నా, అమ్మినా కేసే. రాలిన కొమ్మును ఏదుపందులు సున్నం కోసం కొరుక్కు తింటాయి. అది అక్కడే ఉండాలి.

ఇక కొమ్ముల సంగతి. తెలుగులో అన్నిటినీ కొమ్ములనే అంటాం గానీ ఇవి రెండు వేర్వేరు వస్తువులు. దుప్పికి, కణితికి (సాంబర్‌కు), అమెరికాలోని తెల్లతోక దుప్పికి ఉండేది ఎముక. ఏటా మొలిచి, మెత్తటి నూగుతోలు కింద నెత్తురు పారుతూ పెరిగి, గట్టిపడి, తోలు ఊడి, జతకట్టే కాలం ముగిశాక రాలిపోతుంది. మళ్లీ మొదటి నుంచి మొలుస్తుంది. జింకకు ఉండేది ఎముక ములుకు మీద గోరులాంటి పదార్థం తొడుగు. అది రాలదు, శాఖలు వేయదు, ఏటేటా మెలి తిరుగుతూ పొడవవుతుంది. అమెరికా నిబంధనలన్నీ మొదటి రకం కొమ్ము కోసం రాసుకున్నవి. రెండో రకానికి వాటిని అతికించబోతే అతకవు.

అక్కడ జరిగింది ఇదీ. తెల్లతోక దుప్పి మగకూన మే, జూన్ నెలల్లో పుడుతుంది. మరుసటి ఏడాది ఆకురాలు కాలానికి, అంటే ఏడాదిన్నర వయసుకి, దానికి మొదటి కొమ్ములు వస్తాయి. పెన్సిల్వేనియా రాష్ట్రంలో పాత నిబంధన చాలా వదులుగా ఉండేది. దాంతో కొమ్ములున్న పోతుల్లో నూటికి 80 దాకా ఏటా వేటలోనే పోయేవి. వాటిలో ఎక్కువ భాగం ఆ ఏడాదిన్నర కుర్రపోతులే. రెండున్నరేళ్లు, మూడున్నరేళ్లు బతికిన పోతు కనిపించడమే అరుదైంది. అందుకని 2002లో ఆ రాష్ట్రం చాలా ప్రాంతాల్లో ఒక పక్క కొమ్ముకు కనీసం 3 మొనలు (కొమ్ము శాఖల కొసలు), పడమటి ప్రాంతాల్లో 4 మొనలు ఉంటేనే కొట్టాలని పెట్టింది. కుర్రపోతు ఇంకో ఏడాది బతికి పెద్దదవ్వాలన్నదే దాని ఉద్దేశం, మంద తగ్గాలన్నది కాదు. మందను తగ్గించడానికి అదే రోజుల్లో వేరే పని చేశారు: 2001 నుంచి ఆడవాటి వేటను, మగవాటి వేటను ఒకే కాలంలో కలిపి పెట్టారు, ఆడ దుప్పులకు అనుమతులు పెంచారు. సంఖ్య తగ్గింది ఆడవి పోవడం వల్ల. మన దగ్గర "ఆడవాటిని ముట్టుకోం, సంఖ్య తగ్గిస్తాం" అంటున్నవాళ్లు ఈ రెండు పనులను ఒకటిగా కలిపేస్తున్నారు.

ఆ నిబంధన అమలులో ఎక్కడ జారుతుందో కూడా చూడాలి. మొన అంటే మొదలు నుంచి కొస దాకా కనీసం అంగుళం పొడవు ఉండాలి. ప్రధాన కొమ్ము కొస ఎంత పొట్టిదైనా ఒక మొన కిందే లెక్క. కాగితం మీద సులువే. కానీ తెల్లవారుజామున చెట్ల సందున 60 మీటర్ల దూరంలో తల వంచుకుని నడిచిపోతున్న పోతు తల మీద అంగుళం మొనను లెక్కపెట్టాలి. ముఖ్యంగా కనుబొమ పైన మొలిచే మొదటి మొన చెవి వెనకో నుదుటి వెంట్రుకల్లోనో కలిసిపోతుంది. ఉందనుకుని కొడితే ఉండదు, లేదనుకుని వదిలితే ఉంటుంది. పడ్డాక దగ్గరికెళ్లి చూసి, తప్పు జరిగిందని తెలిసి, దాన్ని అక్కడే వదిలి వెళ్లిపోయేవాళ్లూ ఉంటారు. అందుకే పెన్సిల్వేనియా పడమటి ప్రాంతాల్లో 2011లో ఆ మొదటి మొనను లెక్కలోంచి తీసేసి, పైన 3 మొనలు చాలని మార్చింది.

టెక్సాస్ ఇంకో కొలత పట్టింది. 2002లో ఆరు కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) మొదలుపెట్టి రెండు కొమ్ముల మధ్య లోపలి వెడల్పు 13 అంగుళాలు ఉండాలంది. తెల్లతోక దుప్పి చెవులు నిక్కబొడిచినప్పుడు ఒక చెవి కొస నుంచి ఇంకో చెవి కొసకు దాదాపు అంతే దూరం. కొమ్ములు చెవుల కంటే బయటికి ఉంటే పోతు పెద్దది, లోపల ఉంటే చిన్నది. ఇది మొనల లెక్క కంటే తెలివైన పద్ధతి, ఎందుకంటే కొలబద్ద జంతువు తల మీదే ఉంది. అయినా పోతు మీవైపు మొహం తిప్పి నిలబడితే తప్ప తెలియదు. పక్కకు తిరిగి ఉన్నదాని వెడల్పు ఎవరికీ అందదు.

మిసిసిపీలో జరిగింది ఇంకా పెద్ద పాఠం. 1995లో ఆ రాష్ట్రం రెండు కొమ్ములకూ కలిపి 4 మొనలు ఉన్నదాన్నే కొట్టాలంది. ఏడాదిన్నర పోతుల్లో కొన్నిటికి తిండి బాగా దొరికి, ముందుగా పుట్టి ఉండటం వల్ల, ఆ వయసుకే 4 మొనలు దాటతాయి. అవి వేటకు అర్హమయ్యాయి. అదే వయసులో సన్నటి ఒంటి ములుకులతో ఉన్నవి బతికిపోయాయి. అంటే ఒకే ఈడువాటిలో ఏపుగా ఎదిగినదాన్ని చంపి, వెనకబడినదాన్ని మిగిల్చారు. కొన్నేళ్లకు ఆ ఈడు పోతులు పెద్దవైనా కొమ్ముల పరిమాణం తగ్గినట్టు 2001లో వచ్చిన పరిశోధన చూపింది. తర్వాత ఆ రాష్ట్రం మొనలు వదిలి కొమ్ముల వెడల్పుకు, పొడవుకు మారింది. రైతులకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. విత్తనానికి తాలు ఉంచుకుని గట్టి గింజ అమ్మేసుకుంటే వచ్చే ఏడు ఏమవుతుందో మన ఇళ్లలో అందరికీ తెలుసు.

జబ్బు కోణం వేరే ఉంది. మిస్సోరీ 2004లో కొన్ని కౌంటీల్లో 4 మొనల నిబంధన తెచ్చింది. దుప్పుల మెదడును తినేసే, మందు లేని జబ్బు ఒకటి అక్కడికి చేరాక, జబ్బు ఉన్న ప్రాంతాల్లో దాన్ని ఎత్తేసింది. ఆ జబ్బు పెద్ద పోతుల్లో ఎక్కువ కనిపిస్తుంది. కుర్రపోతులు తల్లిని వదిలి దూరాలు వెళ్లి స్థిరపడతాయి కాబట్టి జబ్బును మోసుకుపోగలవు. వాటిని కాపాడే నిబంధన జబ్బునూ కాపాడుతుంది.

ఇంత చెప్పాక, స్వచ్ఛందంగా వదలడం గురించి చెప్పకపోతే లెక్క సగమే అవుతుంది. న్యూయార్క్ రాష్ట్రంలో కొన్ని ప్రాంతాల్లో ఒక పక్క 3 మొనల నిబంధన ఉంది. మిగతా రాష్ట్రమంతటా ప్రభుత్వం దాన్ని రుద్దలేదు. కుర్రపోతును వదలండి, పెరగనివ్వండి అని వేటగాళ్లకు చెప్పి ఊరుకుంది. మిషిగన్‌లో ఏ ప్రాంతంలోనైనా కొత్తగా కొమ్ముల నిబంధన రావాలంటే అక్కడి వేటగాళ్ల సర్వేలో 66 శాతం మంది ఒప్పుకోవాలి. దేశం మొత్తం మీద చూస్తే 1989లో వేటలో పడిన కొమ్ముల దుప్పుల్లో 62 శాతం ఏడాదిన్నరవే. ఇటీవలి ఏళ్లలో అది సుమారు 30 శాతానికి దిగింది. రాష్ట్రమంతటా నిబంధన ఉన్న రాష్ట్రాలు తక్కువే. కాబట్టి ఈ మార్పులో చాలా భాగం మనుషులు తమంతట తాము తుపాకీ దించడం వల్ల వచ్చిందని మా నమ్మకం. స్వచ్ఛందంగా వదిలేవాడు మొనలు లెక్కపెట్టడు, ఒళ్లు చూస్తాడు. కుర్రపోతుకు కాళ్లు పొడుగ్గా, మెడ సన్నగా, నడుము లోపలికి ఉంటుంది. కొమ్ములు తీసేస్తే ఆడదనుకుంటాం. మూడున్నరేళ్లదానికి ఛాతీ నడుము కంటే లోతుగా దిగి పందెపు గుర్రంలా ఉంటుంది. ఐదేళ్లు దాటినదానికి మెడ ఉబ్బి ఛాతీలో కలిసిపోతుంది, పొట్ట జారుతుంది. ఇలా చూసేవాడు మిసిసిపీ తప్పు చేయడు. కానీ ఆ చూపు అలవడాలంటే ఏళ్లు పడుతుంది. కోపంతో, పంట పోయిన బాధతో చీకట్లో టార్చి వేసుకుని వచ్చే మనిషికి అది రాదు.

ఇప్పుడు మన జంతువుల మీద అదే కొలత పెట్టి చూడండి. నల్లమల పొడ దుప్పి పోతుకు ఎదిగాక ఒక్కో కొమ్ముకు మూడే మొనలు: కనుబొమ పైన ఒకటి, కొసన చీలిన రెండు. కణితికీ అంతే. ఆ తర్వాత కొమ్ము పొడవు, లావు పెరుగుతాయి తప్ప మొనలు పెరగవు. నాలుగేళ్లదానికీ ఎనిమిదేళ్లదానికీ మొనల లెక్క ఒకటే. పైగా తెల్లతోక దుప్పులన్నీ ఒకే కాలంలో కొమ్ములు రాలిస్తే, పొడ దుప్పులు ఒక్కొక్కటి ఒక్కో కాలంలో రాలుస్తాయి. ఏ నెల చూసినా మందలో గట్టి కొమ్ములది ఒకటి, నూగుతోలు కొమ్ములది ఒకటి, అప్పుడే రాల్చి బోడితలతో ఉన్నది ఒకటి ఉంటాయి. కొమ్ముల్లేనిదల్లా ఆడదే అనుకోవడానికి లేదు.

జింక సంగతికొస్తే, మన పాత తెలుగులో పోతుకు ఇర్రి అని, ఆడదానికి లేడి అని వేర్వేరు పేర్లే ఉన్నాయి. చూపులోనూ అంత తేడా. మగపిల్లకు ఆరు నెలలకే సూటి ములుకులు కనిపిస్తాయి. రెండేళ్లకు కొమ్ము పెద్ద మెలి తిరుగుతుంది. దగ్గర దగ్గర మెలికలతో పూర్తి కొమ్ము, నల్లటి ఒళ్లు మూడేళ్లు నిండితే గానీ రావు. ఆ నల్లపోతు తన జాగా పట్టుకుని, ఒకేచోట కుప్పగా పేడ గుళికలు వేసి హద్దు చెప్పి, వచ్చిన ఆడవాటితో జతకడుతుంది. దాన్ని కొడితే ఆ జాగా ఖాళీగా ఉండదు. పక్కనున్న గోధుమరంగు కుర్రపోతుల గుంపులోంచి ఇంకొకటి వచ్చి పట్టుకుంటుంది. ఒక్క పోతు చాలా ఆడవాటికి సరిపోతుంది కాబట్టి పిల్లలు ఒక్కటీ తగ్గవు. చేలో పడే మందలోనేమో లేళ్లు, పిల్లలు, కుర్రపోతులే ఎక్కువ.

లెక్క కోసం ఒక ఊహా మంద తీసుకుందాం. వంద జింకలు: 30 పెద్ద పోతులు, 50 పెద్ద లేళ్లు, 20 పిల్లలు. ఒక్కో లేడి ఒక్కో పిల్లను ఈని, సగం బతికితే ఏడాదికి 25 పిల్లలు కలుస్తాయి. మిగతా చావులు పక్కన పెడదాం. 15 పోతులను తీసేస్తే మిగిలిన 85కు 25 కలిసి 110 అవుతాయి. అదే 15 లేళ్లను తీసేస్తే 85కు 17 కలిసి 102 దగ్గర ఆగుతుంది. అంటే పోతులను సగం ఖాళీ చేసినా మంద పెరుగుతూనే ఉంటుంది. ఆడవాటిని తీసినా ఆ ఏటికి తగ్గదు, పెరుగుదల నెమ్మదిస్తుంది, అంతే. ఆపైన జింక ఆరు నెలల చూలుకే ఈనుతుంది, ఈనిన నెల రోజులకే మళ్లీ చూలు కట్టగలదు. మన దేశపు ఈ జింక జాతిని 1930లలో టెక్సాస్ గడ్డిభూముల్లో వదిలారు. అక్కడ వాటికి వేట కాలమంటూ లేదు, కొమ్ముల కోసం డబ్బిచ్చి మరీ కొడతారు. అయినా అవి ఇప్పటికీ అక్కడ మందలుగానే ఉన్నాయి.

కాబట్టి మా మాట ఇది: పోతుల వేట లైసెన్సు అడగడంలో రైతు బలం వృథా చేసుకోవద్దు. అడగాల్సింది పట్టి తరలించడం, చేనుకు అడ్డు, తిన్నదానికి పరిహారం. వీటికీ కొమ్ముల పరిజ్ఞానమే కావాలి, వేరే రకంగా.

ముందు నష్టం ఎవరు చేశారో తేల్చాలి. జింకకు, దుప్పికి పై దవడలో ముందుపళ్లు ఉండవు. ఆకును పట్టి లాగి తెంపుతాయి. అందుకే తెగిన చోట పీచులు లేచి చిరుగులా ఉంటుంది. కుందేలు కొరికితే కత్తితో ఏటవాలుగా కోసినట్టు నున్నగా ఉంటుంది. జింక బుడ్డల చేలో పైచిగుళ్లు, పూత మీద పడుతుంది. ఊడలు దిగి కాయ పట్టాక మట్టి తవ్వి చెట్టు పెళ్లగించి ఉందంటే అది అడవి పంది. ఫొటో తీసేటప్పుడు తెగిన కొసను దగ్గర నుంచి ఒకటి, పక్కన అగ్గిపెట్టె పెట్టి గిట్ట అచ్చును ఒకటి, చేను మొత్తాన్ని ఒకటి తీసి ఉంచుకుంటే తనిఖీకి వచ్చినవారు "ఏ జంతువో తెలియదు" అనడానికి వీలుండదు. ఎండ ఎక్కితే కొస వాడి ముడుచుకుపోతుంది, అచ్చు గాలికి చెదిరిపోతుంది. పొద్దున్నే తీయాలి.

కంచె వేసేవాళ్లు ఒకటి గమనించాలి. అంతంత ఎత్తు ఎగిరే జింక కంచె దగ్గరికొచ్చేసరికి ఎక్కువగా తీగ కింద నుంచి దూరడానికే చూస్తుంది. అడుగు తీగను ఎత్తులో కట్టి పైన నాలుగు వరసలు వేసినా లాభం లేదు. సోలార్ కంచెలో అడుగు తీగకు గడ్డి తగిలితే కరెంటు నేలకు పోతుంది, కాబట్టి వారానికోసారి కింద గడ్డి కోయాలి. నేరుగా స్తంభం నుంచి కరెంటు లాగి తీగకు ఇవ్వడం మాత్రం ఎవరూ చేయొద్దు. దానికి జింక కంటే ముందు నీళ్లు కట్టడానికి వచ్చిన మనిషి బలవుతాడు.

తరలింపుకు మధ్యప్రదేశ్‌లో వాడుతున్న బోమా పద్ధతి మన రేగడి మైదానాలకు పనికొస్తుంది. గరాటు ఆకారంలో రెండు పక్కలా అవతలివైపు కనిపించని తెరలు కట్టి, క్రమంగా ఇరుకు చేస్తూ చివర లారీలోకి దారి ఇస్తారు. తెరలో చిన్న సందున్నా జింక అటే దూకుతుంది. ఎండలో, ఎక్కువసేపు తరిమితే కండరాలు దెబ్బతిని అప్పటికి బాగానే ఉన్నట్టు కనిపించి, గంటల తర్వాతో రోజుల తర్వాతో చచ్చిపోతుంది. చలి నెలల్లో, పొద్దున్నే, కొద్దిసేపట్లో ముగించాలి. లారీలో నల్లపోతును మందతో కలిపి ఎక్కిస్తే ఇరుకులో కొమ్ములతో పొడిచేస్తుంది, దాన్ని విడిగా పెట్టాలి లేదా కొమ్ములకు ప్లాస్టిక్ గొట్టం తొడగాలి. దుప్పులనైతే నూగుతోలు కొమ్ములున్నప్పుడు అసలు పట్టకూడదు, తగిలితే నెత్తురు ఆగదు. అన్నిటికంటే ముఖ్యం, లెక్క కోసం చేతికి చిక్కిన పోతులను మోసుకుపోవడం కాదు, లేళ్ల గుంపులను కదిలించాలి.

ఏ గుంపును ఎంత కదపాలో తెలియాలంటే లెక్క కావాలి. చైత్రం, వైశాఖంలో చేలు బోడిగా ఉన్నప్పుడు దూరం దాకా కనిపిస్తుంది. పక్కపక్క ఊళ్లలో బృందాలు ఒకే రోజు, ఒకే సమయానికి మొదలుపెట్టాలి, లేకుంటే ఒకే మంద రెండుసార్లు లెక్కకొస్తుంది. తెల్లవారినప్పటి నుంచి 9 గంటల దాకా, సాయంత్రం 4 తర్వాత చూడాలి. పొద్దెక్కితే ఎండమావి లేచి ములుకుకొమ్ములు కరిగిపోయినట్టు కనిపిస్తాయి. 300 మీటర్లు దాటితే బైనాక్యులర్ లేకుండా చిన్న మగవాటిని లేళ్ల కింద రాసేస్తాం. నల్లపోతు కంటికి కొట్టొచ్చినట్టు ఉంటుంది కాబట్టి జ్ఞాపకం మీద రాస్తే పోతుల సంఖ్య ఎప్పుడూ పెరిగే వస్తుంది. అక్కడికక్కడే రాసుకోవాలి.

అటవీ శాఖ వారు కర్నూలు, నంద్యాల జిల్లాల లెక్కల పత్రంలో మొత్తం ఎన్ని అన్న ఒక్క గడి కాకుండా నాలుగు గడులు పెట్టాలని కోరుతున్నాం: నల్లపోతులు, గోధుమరంగు కొమ్ముల పోతులు, లేళ్లు, పిల్లలు. మండలం వారీగా ఆ నాలుగు అంకెలను విత్తనం పడక ముందే, మే నెలాఖరుకల్లా, గ్రామ సచివాలయాల నోటీసు బోర్డుల మీద పెట్టాలి.

ఇట్లు,
కొందరు రైతులు, వన్యప్రాణి పరిశీలకులు,
ఆదోని, కర్నూలు జిల్లా